బరువు తగ్గే సూది: గుణుపురం టీచరమ్మకి నా జవాబు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 48, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది, అంటే షుగరు బోర్డర్లో ఉంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. విశాఖలో ఉన్న మీ పిన్ని కూతురు వారానికో సూది వేసుకుని పదకొండు కిలోలు తగ్గింది, పెళ్ళిలో చూస్తే గుర్తుపట్టలేకపోయారు. మీ ఊళ్ళో మందుల షాపాయన చీటీ లేకపోయినా తెప్పించి పెడతానంటున్నాడు. వేసుకోవచ్చా అని అడిగారు. అన్నీ అయ్యాక చివర్లో, "నా చిన్నప్పుడు మా అమ్మకి గొంతు ఆపరేషన్ అయింది, థైరాయిడ్ అనేవారు, ఇప్పుడు ఆవిడ లేరు" అని ఒక్క ముక్క చేర్చారు.

ఒడిశాలోని మన రాయగడలో ముప్ఫై ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా చేస్తున్నాను. మీ మిగతా ప్రశ్నలకి వెంటనే జవాబు చెప్పగలను. ఆ చివరి ముక్క దగ్గర మాత్రం ఆగిపోయాను.

థైరాయిడ్ క్యాన్సర్లలో మెడ్యులరీ అనే రకం ఒకటుంది. చాలా అరుదు, కానీ కొన్ని కుటుంబాల్లో కన్నవాళ్ళ నుంచి పిల్లలకి దిగుతుంది. ఈ సూదిమందుల్ని ఎలుకల మీద పరీక్షించినప్పుడు ఆ క్యాన్సర్ పుట్టే కణాల్లోనే గడ్డలు కనిపించాయి. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదు. అయినా ఇంట్లో ఎవరికైనా ఆ రకం వచ్చి ఉంటే ఈ మందు వాడకూడదని పెట్టెలోని కాగితం మీదే రాసి ఉంటుంది. మన కొండ ఊళ్ళలో పాతరోజుల్లో గొంతు ఆపరేషన్ అంటే చాలామటుకు అయోడిన్ తక్కువై వచ్చిన గొంతువాపే. మీ అమ్మగారిదీ అదే అయ్యుంటే ఏ అడ్డూ లేదు. క్యాన్సరే అయినా, అందరికీ తరచుగా వచ్చే పాపిల్లరీ రకమైతే ఈ నిషేధం దానికి వర్తించదు. కానీ "అయ్యుంటుంది" అన్న మాట మీద నేను చీటీ రాయలేను. మీ షాపాయన ఈ ప్రశ్న అడిగి ఉండడు. చీటీ లేకుండా కొనడంలో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. చట్టం సంగతి తర్వాత.

ఇక మందు సంగతి. ఇప్పుడు అందరి నోటా వినపడేవి రెండు: సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. ఓజెంపిక్, వెగోవి అనేవి మొదటిదాని పేర్లు, మౌంజారో రెండోదాని పేరు. అన్నం తిన్నాక మన పేగులోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. ఇక చాలు అని మెదడుకి కబురు పంపేది అదే. ఒంట్లో పుట్టింది నిమిషాల్లో కరిగిపోతుంది, సూదిలోది వారం పాటు నిలుస్తుంది. కడుపులోంచి తిండి కిందికి దిగడం కూడా నెమ్మదిస్తుంది. టిర్జెపటైడ్ దీనితో పాటు ఇంకో పేగు హార్మోను పని కూడా చేస్తుంది. ఈ కుటుంబంలో మొదటి మందుకి 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని మూలం అక్కడి ఎడారిలో తిరిగే ఒక పెద్ద విషబల్లి లాలాజలం. ఈ ముక్క మా కాంపౌండరుకి చెప్పి తప్పు చేశాను, సూది పెట్టె ఇమ్మంటే వారం రోజులు చేతిరుమాలుతో పట్టుకుని ఇచ్చాడు.

పని చేస్తుందా అంటే చేస్తుంది. 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో షుగరు లేని 1,961 మంది ఉన్నారు. సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదు వేసుకున్నవాళ్ళు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మందులేని ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్ళు 2.4 శాతం తగ్గారు. 2022లో టిర్జెపటైడ్ పరీక్షలో పెద్ద మోతాదుకి 72 వారాల్లో 20.9 శాతం వచ్చింది. మీ 71 కిలోల్లో పదిహేను శాతమంటే పది కిలోల పైచిలుకు. అయితే ఇది సగటు. సెమాగ్లూటైడ్ వేసుకున్నవాళ్ళలో కూడా వందకి పద్నాలుగు మంది కనీసం అయిదు శాతమైనా తగ్గలేదు. పైగా ఆ పరీక్షలో అందరికీ తిండి గురించి, నడక గురించి క్రమం తప్పకుండా చెప్పేవాళ్ళున్నారు. మన దగ్గర సూది ఒక్కటే వస్తుంది, చెప్పే మనిషి రాడు.

మీకు వర్తిస్తుందా? మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క, 29.6. ఈ మందులు 30 దాటినవాళ్ళకి, లేదా 27 దాటి బీపీ, షుగరు లాంటివి తోడున్నవాళ్ళకి అని నియమం. బీపీ ఉంది కాబట్టి మీరు ఆ గీత లోపలికే వస్తారు. మనవాళ్ళకి బీఎంఐ 25కే ఊబకాయం కింద లెక్క కడతాం, ఎందుకంటే అదే బరువుకి మనకి పొట్టలో కొవ్వు ఎక్కువ. ఓసారి టేపుతో నడుం కొలవండి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

నలభై ఐదు దాటాక "గాలి పీల్చినా లావెక్కిపోతున్నాను డాక్టరుగారూ" అనని ఆడమనిషి నా దగ్గరికి రాలేదు. నిజంగానే ఆ వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గుతున్నకొద్దీ తొడల్లో చేరే కొవ్వు పొట్టకి మళ్ళుతుంది. కండ కరుగుతుంది. రాత్రి ఒళ్ళు ఆవిర్లొచ్చి నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే తెల్లారి ఆకలి ఎక్కువ. మీ తప్పు ఏమీ లేదని చెప్పడానికే ఇది రాశాను. అయితే వేరే కారణం ఏదైనా ఉందేమో చూడకుండా సూదికి పోకూడదు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. కీళ్ళ నొప్పులకి సంతలో అమ్మే నాటుపొడి వాడుతున్నారా? ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్ళున్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి వచ్చిన ఒకావిడకి నేను పొడి మాన్పించాక, బదులుగా స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి దాన్ని నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తే, ఏ సూదీ లేకుండానే ముఖం మామూలైంది. ఇలాంటివి ఒక్కసారిగా మానేయకండి, ప్రమాదం. నిద్రకీ తలనొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, షుగరుకి ఇచ్చే గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ కూడా బరువు పెంచుతాయి.

హెచ్‌బీఏ1సీ గురించి మన ప్రాంతం వాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన మాట ఒకటుంది. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్రరక్తకణాల్లో వంశపారంపర్యంగా వచ్చే తేడా, చాలా ఇళ్ళలో ఉంది. అది ఉన్నవాళ్ళలో ఆ అంకె సరిగ్గా రాకపోవచ్చు. ఐరన్ తక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నెలసరి గడబిడగా ఉన్న మీ వయసులో రక్తం తక్కువ ఉండడం మామూలే. కాబట్టి హిమోగ్లోబిన్ చూసి, పరగడుపున ఒకసారి, గ్లూకోజు తాగాక రెండు గంటలకి ఒకసారి షుగరు చేయించండి. వాటితో పాటు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివరు, కొలెస్టరాలు పరీక్షలు, పొట్ట స్కానింగు. స్కానింగు ఎందుకంటే పిత్తాశయంలో రాళ్ళు ముందే ఉన్నాయేమో తెలియాలి. బరువు వేగంగా తగ్గితే రాళ్ళు పుడతాయి, ఉన్నవి ఇబ్బంది పెడతాయి. గతంలో పాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చి ఉంటే ముందే చెప్పండి.

మన సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కు. ఒక చీటీ విశాఖది, ఒకటి పార్వతీపురానిది, ఒకటి నాలాంటివాడిది. రెండు వేర్వేరు పేర్లతో ఒకే గ్లిమెపిరైడ్ మింగుతున్న ఆయన్ని చెమటలు పట్టి పడిపోతే మోసుకొచ్చారు. అలాంటి మాత్ర మీద గానీ ఇన్సులిన్ మీద గానీ ఈ సూది పడితే షుగరు ఇంకా పడిపోతుంది. మీకు షుగరు మాత్రలు లేవు, బతికిపోయారు. కానీ మీ బీపీ మాత్రలో నీరు పోయించే మందు కలిసి ఉంటే ఎండాకాలం జాగ్రత్త. సూది వల్ల వాంతులో విరేచనాలో పట్టుకుని, నీళ్ళు తాగక, పైన మే నెల ఎండ తోడైతే కిడ్నీ దెబ్బతింటుంది. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది. లేచి నిలబడితే కళ్ళు తిరిగాయంటే మాత్ర మోతాదు తగ్గించే రోజు వచ్చినట్టే.

కడుపు సంగతి దాచకుండా చెప్తాను. పైన చెప్పిన 2021 పరీక్షలో వందకి 44 మందికి వికారం, 31 మందికి విరేచనాలు, పాతికమందికి వాంతులు, సుమారు అంతమందికి మలబద్ధకం. చాలావరకు మొదటి వారాల్లోనూ మోతాదు పెంచినప్పుడూ వచ్చి సర్దుకుంటాయి. అందుకే సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకి ఓ మెట్టు, టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అలాగే ఎక్కుతాం. మీ పిన్ని కూతురు ఇప్పుడు వేసుకుంటున్న మోతాదు మీ మొదటి మోతాదు కాదు. ఆవిడ మిగిల్చిన సూది అస్సలు తీసుకోకండి. నూనెలో వేగిన బొరా (గారె), కడుపు పగిలేలా పెళ్ళిభోజనం, ఈ రెండూ మొదటి రెండు నెలలు వద్దు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి వచ్చి తగ్గకపోతే సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నెలసరి ఆగిపోలేదు కదా, ఆ విషయం ఎవరూ మీకు చెప్పి ఉండరు. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, 48లోనూ జరుగుతుంది. ఈ మందు మీద గర్భం రాకూడదు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ నాలుగు వారాల పాటు మాత్ర మీద ఆధారపడకూడదు, నిరోధ్ వాడాలి. ఏదైనా ఆపరేషనుకి మత్తు ఇవ్వబోతుంటే ఈ సూది సంగతి మత్తు డాక్టరుకి తప్పనిసరిగా చెప్పండి, పరగడుపున ఉన్నా కడుపులో తిండి మిగిలి ఉంటుంది.

ఇప్పుడు ఫ్రిజ్. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు, పారేయాలి. ఆ మధ్య ఒకావిడ రెండు నెలలు వేసుకున్నా ఆకలి ఇసుమంతైనా తగ్గలేదని వచ్చింది. ఎక్కడ పెడుతున్నావమ్మా అంటే ఐసుగడ్డల అర పక్కనే, చల్లగా ఉంటుందని. నెలకి పదిహేను వేలు ఐసయిపోయాయి. మౌంజారో బయట పెట్టాల్సివస్తే 30 డిగ్రీలు దాటకుండా 21 రోజులు ఆగుతుంది. మన వైశాఖమాసంలో ఇంట్లోనే 30 దాటుతుంది. కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్ తలుపు తీయకండి. విశాఖ నుంచి రైల్లో తెచ్చే షాపాయన దాన్ని ఏ సంచిలో, ఎన్ని గంటలు తెస్తాడో అడిగి చూడండి, జవాబుని బట్టి మీకే తెలుస్తుంది. పెన్ను కాకుండా సీసాలో వచ్చే రకమైతే మొదటిసారి నర్సు చేత చూపించుకోండి.

అసలు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది కండ గురించి. ఈ మందులతో తగ్గే బరువంతా కొవ్వు కాదు. పరీక్షల్లో కొలిచి చూస్తే తగ్గినదాంట్లో పావు వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కొవ్వు కానిది, అందులో కండ పెద్ద భాగం. పాతికేళ్ళవాళ్ళు మళ్ళీ పెంచుకుంటారు. మన వయసులో పోయింది తేలిగ్గా రాదు, మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) దగ్గర ఎముకా పలచబడుతుంటుంది. ఆకలి చచ్చిపోయాక మనవాళ్ళు చేసేదేమిటంటే మధ్యాహ్నం పఖాళ (చద్దన్నం) ఇంత, సాయంత్రం టీలో గుప్పెడు ముఢీ (మరమరాలు), రాత్రి మజ్జిగన్నం. బరువు భలే తగ్గుతుంది. ఆర్నెల్లకి నేల మీంచి లేవడానికి చెయ్యి ఊతం కావాలి.

మీకు రోజుకి అరవై డెబ్బై గ్రాముల ప్రొటీను కావాలి. రెండు గుడ్లలో పన్నెండు గ్రాములు ఉంటాయి. యాభై గ్రాముల కందిపప్పులోనో ఉలవల్లోనో పదకొండు. వంద గ్రాముల చేపలో పద్దెనిమిది దాకా. ఛెనా (పాల విరుగుడు ముద్ద) మన వీధిచివర దొరుకుతుంది, యాభై గ్రాముల్లో తొమ్మిది, పంచదార పాకంలో వేయకముందు సుమా. పెరుగు, చోడి (రాగి) అంబలి మిగతాది సర్దుతాయి. చోళ్ళలో కాల్షియం ఎక్కువ, అది మీ ఎముకలకి. ఆకలి లేదు కాబట్టి పళ్ళెంలో ముందు పప్పో గుడ్డో చేపో తినండి, అన్నం తర్వాత. మా ఇంట్లో ఈ వరస మార్చడానికి మా ఆవిడతో ఏడాది పట్టింది, పప్పు ముందు తినడం ఏం మర్యాద అని. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే పని కావాలి. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకి చేతులు ఆనించి తోయడం, రెండు నీళ్ళ సీసాలు ఎత్తడం. స్కూలుకి నడిచివెళ్ళడం మంచిదే, కానీ నడక ఒక్కటే కండని కాపాడదు.

మిగతా మందుల గురించి రెండు మాటలు. ఆర్లిస్టాట్ మాత్ర తిన్న నూనెని ఒంటికి పట్టనివ్వదు, ఆ నూనె బట్టల్లో కనపడుతుంది. తగ్గేది తక్కువ. మెట్‌ఫార్మిన్ షుగరు బోర్డర్లో ఉన్నవాళ్ళకి మంచి మందు, బరువు మీద దాని ప్రభావం కొంచెమే. సన్నబడతారని థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) ఇచ్చేవాళ్ళుంటే లేచి వచ్చేయండి, గుండె దడకీ ఎముక అరుగుదలకీ అది దారి. బరువు మందులకి చెడ్డ చరిత్ర ఉంది. సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు గుండెపోటు, పక్షవాతం పెంచుతోందని 2010లో అమెరికాలోనూ 2011లో మన దేశంలోనూ మార్కెట్ నుంచి తీసేశారు. దాన్ని రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. అందుకే కొత్త మందంటే నాకు ముందు అనుమానం. సెమాగ్లూటైడ్ విషయంలో ఆ అనుమానాన్ని కొంత తగ్గించింది 2023 నాటి పరీక్ష. ముందే గుండెజబ్బు ఉండి షుగరు లేని 17,604 మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. మీకు గుండెజబ్బు లేదు కాబట్టి ఆ లాభాన్ని మీ ఖాతాలో వేసుకోకండి.

డబ్బు, ఆపడం, ఈ రెండూ ఒకటే ప్రశ్న. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాముల సీసా 4,375, వారానికొకటి. సెమాగ్లూటైడ్ మీద పేటెంటు మన దేశంలో 2026 మార్చితో తీరింది కాబట్టి మన కంపెనీల చవక రకాలకి దారి తెరుచుకుంది. ఎంత చవకైనా నెలనెలా ఖర్చే. ఆపేస్తే? 2021 పరీక్షలో మందు ఆపినవాళ్ళలో కొందరిని ఇంకో ఏడాది చూస్తే తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ.

నా అనుభవం కూడా అదే. నాకు షుగరు ఉంది. 2022లో సెమాగ్లూటైడ్ మాత్రగా మన దగ్గరికి రాగానే మొదలుపెట్టాను. పరగడుపున గుక్కెడు నీళ్ళతో మింగి అరగంట ఏమీ ముట్టకూడదు. కాఫీ లేని ఆ అరగంట మా ఇంట్లో అందరికీ శిక్ష. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. మా అమ్మాయి పెళ్ళి పనుల్లో నాలుగు నెలలు వదిలేస్తే నాలుగు కిలోలు వెనక్కి వచ్చాయి, అందులో మూడు పెళ్ళి స్వీట్లవి కావని నా భార్య ఇప్పటికీ ఒప్పుకోదు. కాబట్టి మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చుని రెండేళ్ళు ఈ ఖర్చు భరించగలమా అని లెక్కేసుకోండి. కూతురి ఫీజులో కోత పెట్టి ఆరు నెలలు వేసుకుని ఆపేసే పనైతే వేసుకోకపోవడమే నయం. కొవ్వు తిరిగొస్తుంది, కండ రాదు.

నన్నడిగితే మీరు అర్హులే, కానీ తొందర లేదు. షుగరు బోర్డర్లో ఉన్న 3,234 మందితో 2002లో వచ్చిన అమెరికా పరీక్షలో, ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగరు జబ్బు రావడం 58 శాతం తగ్గింది. ఏడు శాతమంటే మీకు అయిదు కిలోలు. ప్రొటీను, కుర్చీ వ్యాయామం, నడక, నిద్ర ఈ వారమే మొదలుపెట్టండి. సూది వేసుకున్నా ఇవి కావాలి, వేసుకోకపోయినా ఇవే కావాలి. మూడు నెలల తర్వాత బరువు, నడుం కొలత, షుగరు మళ్ళీ చూద్దాం. అప్పటికీ కదలకపోతే నేనే రాస్తాను, కాగితం దొరికితే.

ఆ కాగితం వెతకండి. ఆపరేషన్ ఏ ఊళ్ళో అయిందో మీ మావయ్యకో పిన్నికో గుర్తుండాలి. పాత ట్రంకుపెట్టెలో డిశ్చార్జి కార్డు గానీ బయాప్సీ రిపోర్టు గానీ ఉందేమో చూడండి. అందులో మెడ్యులరీ అన్న మాట ఉందో లేదో అదొక్కటే కావాలి. ఎక్కడా దొరక్కపోతే విశాఖలోనో బరంపురంలోనో ఎండోక్రినాలజిస్టుని (హార్మోన్ల డాక్టరుని) కలవండి. మెడ చూసి, కావాలంటే మెడ్యులరీ రకాన్ని పట్టిచ్చే కాల్సిటోనిన్ రక్తపరీక్ష చేయించాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. మీ అమ్మగారి అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ముల్లో ఎవరికైనా గొంతు గడ్డ ఉండేదా అని కూడా కనుక్కుని రండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ, ఆ నాటుపొడి పొట్లం ఉంటే అదీ, ఒక సంచిలో వేసుకు రండి.